ఎదురెదురుగా ఇద్దరు

నిన్న అమెరికాలోని వర్జీనియాలో, ఆ దేశపు మూడో అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో చూశాం. గుమ్మం దాటగానే ముందు గదిలోనే ఆగిపోయాను. ఒకవైపు జెఫర్సన్ అర్ధవిగ్రహం, దానికి ఎదురుగా అమెరికా తొలి ఆర్థిక మంత్రి హామిల్టన్‌ది. రాజకీయాల్లో బద్ధ విరోధిని ఇంట్లోనే, కళ్లెదుటే పెట్టుకున్నాడాయన!

స్వాతంత్ర్య యుద్ధంలో రాష్ట్రాలు చేసిన అప్పులు కేంద్రమే నెత్తికెత్తుకోవాలని, అప్పుడే కొత్త దేశానికి పరపతి పుడుతుందని హామిల్టన్ పట్టుబట్టాడు. 1791లో జాతీయ బ్యాంకు పెట్టించాడు. ఆ అధికారం రాజ్యాంగం ఇవ్వలేదని జెఫర్సన్ వాదన. సొంత నేల దున్నుకునే రైతే ఆయన కలగన్న దేశానికి ఆధారం. అయినా అధ్యక్షుడయ్యాక, 1803లో, రాజ్యాంగంలో ఎక్కడా స్పష్టంగా లేని అధికారంతోనే విశాలమైన లూసియానా ప్రాంతాన్ని ఫ్రాన్స్ నుంచి కోటిన్నర డాలర్లకు కొన్నాడు.

రైతు ఇంట్లో పుట్టినదాన్ని, నా మనసు ఎప్పుడూ జెఫర్సన్ వైపే మొగ్గేది. నిన్న ఇల్లు దాటి, ఒకప్పుడు బానిసల ఇళ్లు, పనిశాలలు ఉన్న మల్బరీ రో బాట పట్టాను. జీవితకాలంలో ఆయన కింద 600 మందికి పైగా బానిసలుగా బతికారు. 1794లో అక్కడ ఆయన మేకుల కార్ఖానా పెట్టించాడు. కొలిమి దగ్గర సుత్తి పట్టుకున్నది పది నుంచి పదహారేళ్ల బానిస పిల్లలు. మా బాబుకు ఇప్పుడు పదేళ్లు. వాడి చెయ్యి పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడ్డాను.