కారు వదిలే కార్బన్ డయాక్సైడ్ లెక్క: బ్రోషర్ కాదు, బంకు రసీదు చూడండి

లీటరు పెట్రోల్ తూకం వేస్తే 730 నుంచి 750 గ్రాములు ఉంటుంది. అది ఇంజిన్‌లో కాలాక సైలెన్సర్ లోంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం దాదాపు 2.3 కిలోలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చెబితే చాలామంది నమ్మరు. మా మేనకోడలైతే నిలదీసింది. "మావయ్యా, ముప్పావు కిలో లోంచి రెండుంబావు కిలోలు ఎలా వస్తాయి? ఎక్కడో లెక్క తప్పావు" అంది. ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్నే. దానికి జవాబు దొరికితే మిగతా లెక్కంతా చేతికి వచ్చేస్తుంది.

మిగతా బరువంతా గాలిది. పెట్రోల్‌లో నూటికి 86 వంతులకు పైగా కార్బనే. అంటే లీటరులో సుమారు 630 గ్రాముల కార్బన్ ఉందనుకోండి. కార్బన్ పరమాణువు బరువు 12, ఆక్సిజన్ ది 16. ఒక కార్బన్ రెండు ఆక్సిజన్‌లను పట్టుకుంటే 12కి 32 కలిసి 44 అవుతుంది. 44ని 12తో భాగిస్తే 3.67. కాబట్టి ప్రతి గ్రాము కార్బనూ 3.67 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అయి బయటికి పోతుంది. 630ని 3.67తో గుణించండి, 2,310 గ్రాములు. కారు దారి పొడవునా పీల్చిన ఆక్సిజనే ఆ అదనపు బరువు. మామూలు ఉష్ణోగ్రతలో ఈ వాయువు 1,250 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరుంబావు ఎత్తు ఉన్న పెట్టె నిండుతుంది. అదంతా ఒక్క లీటరు నుంచి!

పెట్రోల్‌లోని హైడ్రోజన్ నీళ్లవుతుంది. అదీ లీటరుకి దాదాపు 900 గ్రాములు. చలి ఉదయాల్లో సైలెన్సర్ చివర చుక్కలు కారేది అందుకే.

ఇది తెలిశాక కారు గురించి ఇంకేమీ తెలియనక్కర్లేదు. ఇంజిన్ ఎన్ని సీసీలు, మోడల్ ఏది, ఎన్నేళ్లు నడిచింది అన్నవేవీ ఈ లెక్కలోకి రావు. ట్యాంక్‌లోకి ఎంత కార్బన్ పోశామో అంతా బయటికి రావాల్సిందే. లోపల నిలవ ఉండడానికి చోటు లేదు. అందుకే నేను బంకు రసీదునే నమ్ముతాను. మా కారు డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. తేదీ, ఓడోమీటర్ రీడింగ్, పోయించిన లీటర్లు, ఈ మూడే గళ్లు. పెట్రోల్ పోయించినప్పుడల్లా ఫుల్ ట్యాంక్ చేయిస్తాను. నాజిల్ టక్కుమని ఆగిన చోటే ఆపేయమంటాను, పైన ఇంకాస్త కుక్కనివ్వను. మళ్లీ వెళ్లినప్పుడు కూడా అలాగే. రెండోసారి పట్టిన లీటర్లే, ఆ రెండు రీడింగ్‌ల మధ్య కాలిన లీటర్లు.

ఉదాహరణకి 600 కిలోమీటర్లకు 40 లీటర్లు పట్టాయనుకుందాం. 40ని 2.31తో గుణిస్తే 92.4 కిలోలు. చాలామంది మనుషుల బరువు కంటే ఎక్కువ, ఒక్క ట్యాంక్‌కి. దాన్ని 600తో భాగిస్తే కిలోమీటరుకు 154 గ్రాములు. ఇంకా తేలిక దారి కావాలంటే 2,310ని మీ మైలేజ్‌తో భాగించండి. 15 మైలేజ్‌కి 154, 20 మైలేజ్‌కి 115 చిల్లర. ఒక్క ట్యాంక్ లెక్క చూసి తీర్పు ఇవ్వకండి. నాజిల్ ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది. నాలుగైదు ట్యాంకులు కలిపి చూస్తే ఆ తేడాలు సర్దుకుంటాయి. డాష్‌బోర్డు మీద కనిపించే సగటు మైలేజ్ చాలా కార్లలో అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి నేను దాన్ని నోట్‌బుక్‌లో రాయను.

డీజిల్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. డీజిల్ బరువు ఎక్కువ, కాబట్టి లీటరులో కార్బనూ ఎక్కువ. లీటరుకి 2.6 నుంచి 2.7 కిలోలు వస్తుంది. నేను 2.68 తీసుకుంటాను. 20 మైలేజ్ ఇచ్చే డీజిల్ కారు కిలోమీటరుకు 134 గ్రాములు వదిలితే, 18 మైలేజ్ ఇచ్చే పెట్రోల్ కారు వదిలేది 128. మైలేజ్ అంకె ఒక్కటే పట్టుకుని రెండిటినీ పోల్చేవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. సీఎన్‌జీని లీటర్లలో కాదు, కిలోల్లో లెక్కేయాలి. కిలోకి సుమారు 2.7 కిలోలు.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ అయితే లీటరుకి వచ్చేది కొంచెం తగ్గుతుంది. లీటరు ఇథనాల్ కాలితే ఒకటిన్నర కిలోలే. కానీ దాని శక్తి కూడా పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే కాబట్టి అదే దూరానికి ఎక్కువ లీటర్లు తాగుతుంది. మొక్క పెరిగేటప్పుడు గాలి నుంచి తీసుకున్న కార్బనే అది కదా, దాన్ని సున్నా అనుకోవచ్చని కొన్ని పద్ధతులు అంటాయి. సాగుకి, రవాణాకి, తయారీకి కాలిన ఇంధనం సంగతి తేల్చకుండా సున్నా అంటే నేను ఒప్పుకోను.

బ్రోషర్‌లోని అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది. ల్యాబ్‌లో కారును రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన వేగాల్లో నడిపి, బయటికొచ్చే పొగను గాలితో కలిపి సంచుల్లో పడతారు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత, కాలని హైడ్రోకార్బన్లు ఎంత అని కొలుస్తారు. ఆ కార్బన్‌నంతా కూడి, ఎంత ఇంధనం కాలిందో వెనక్కి లెక్క కడతారు. మనం లీటర్ల నుంచి పొగకు వెళ్తున్నాం, వాళ్లు పొగ నుంచి లీటర్లకు వస్తారు. దారి ఒక్కటే.

అయితే ఆ అంకె ఆ పరీక్షకే చెందుతుంది. యూరప్‌లో చాలాకాలం వాడిన ఎన్‌ఈడీసీ పరీక్ష 20 నిమిషాల లోపే, 11 కిలోమీటర్లు. నెమ్మదిగా వేగం అందుకుని, నెమ్మదిగా ఆగడం. రోడ్డు మీద అలా ఎవరు నడుపుతారు? 2017 నుంచి దాని బదులు తెచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష 30 నిమిషాలు, 23 కిలోమీటర్లు, వేగాలూ ఎక్కువ. అసలు వాడకానికి ఇది దగ్గరైంది కానీ ఏసీ, ట్రాఫిక్, చల్లటి ఇంజిన్‌తో పక్క వీధి దాకా వెళ్లి రావడం, గాలి తగ్గిన టైర్లు ఇవన్నీ అందులోకి రావు. మన రసీదులోకి అన్నీ వస్తాయి.

పొగ కనిపించకపోతే కారు శుభ్రంగా ఉన్నట్టేనని అనుకునేవాళ్లు చాలామంది. మసి విషయంలో అది కొంతవరకు నిజం. కంటికి కనిపించని విషవాయువులను తగ్గించేది సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్. కానీ కార్బన్ మోనాక్సైడ్‌ని అది మార్చేది కార్బన్ డయాక్సైడ్‌గానే. ఇంజిన్ ఎంత బాగా కాలిస్తే కార్బన్ అంత పూర్తిగా ఆ రూపంలోనే బయటపడుతుంది. దీన్ని తగ్గించే ఫిల్టర్ ఏదీ కార్లలో లేదు. తక్కువ కాల్చడం ఒక్కటే దారి.

ఎక్కడ తగ్గిస్తే ఎక్కువ కలిసొస్తుందో మైలేజ్ అంకె సరిగ్గా చెప్పదు. నాకు బాగా పట్టింపు ఉన్న విషయం ఇదే. ఇంట్లో రెండు పెట్రోల్ కార్లు ఉన్నాయనుకోండి, ఒకటి 10 మైలేజ్‌ది, ఒకటి 20 మైలేజ్‌ది. రెండూ ఏడాదికి చెరో 12,000 కిలోమీటర్లు తిరుగుతాయి. మొదటిదాని బదులు 12 ఇచ్చే కారు కొంటే 1,200 లీటర్లు 1,000 అవుతాయి, 462 కిలోలు తగ్గుతాయి. రెండోదాని బదులు 25 ఇచ్చేది కొంటే 600 లీటర్లు 480 అవుతాయి, 277 కిలోలే తగ్గుతాయి. రెండు అంకెలు పెరిగిన చోట లాభం ఎక్కువ, అయిదు పెరిగిన చోట తక్కువ. రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమ గురించే రాశారు. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చూస్తే ఈ గందరగోళం ఉండదు, పైగా పెట్రోల్ కారుకైతే దాన్ని 23.1తో గుణిస్తే నేరుగా కిలోమీటరుకు ఎన్ని గ్రాములో వచ్చేస్తుంది.

కరెంటు కారుకీ లెక్క ఉంది, కాకపోతే పొగ వేరే చోట వస్తుంది. వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తీసుకునే కారు, బొగ్గు వాటా ఎక్కువై యూనిట్‌కి 700 గ్రాములు వదిలే కరెంటుతో నడిస్తే కిలోమీటరుకు 105 గ్రాములు. యూనిట్‌కి 100 గ్రాములే అయితే 15. యూనిట్లను కారు స్క్రీన్ మీద కాకుండా గోడ దగ్గర మీటర్‌లో చూడాలి, ఛార్జింగ్‌లో పోయేది అక్కడే తెలుస్తుంది. పెట్రోల్ కారుతో న్యాయంగా పోల్చాలంటే దానికీ తవ్వకం, శుద్ధి, రవాణాల వాటా కలపాలి. నేను 2.31 మీద ఇంకో అయిదో వంతు వేసుకుంటాను.

చివరగా తలల లెక్క. కిలోమీటరుకు 154 గ్రాములన్నది కారుకి, మనిషికి కాదు. ఒక్కరే వెళ్తే మొత్తం ఆ ఒక్కరిదే. నలుగురు ఎక్కితే బరువుకి కాస్త పెరిగి 160 అయినా తలకి 40 పడుతుంది. ఈ మధ్య నోట్‌బుక్‌లో నాలుగో గడి గీశాను, కారులో ఎంతమంది ఉన్నామో రాయడానికి.