డెనిస్ రిచీని తలచుకుంటూ

ఈ ఉదయం నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న కాలేజీ కుర్రవాడు నోట్సులో సి అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం దిద్దుకుంటున్నాడు. ఒక వరుస చివర సెమికోలన్ మరిచిపోయాడు. వేలు పెట్టి చూపించాను. చూపించగానే గొంతు పట్టేసింది.

2011 అక్టోబరు 5న ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ పోయారు. ఎక్కడ చూసినా ఆయన ఫోటోలే. అది న్యాయమే. వారం తిరిగేసరికి, అక్టోబరు 12న, న్యూజెర్సీలో ఒంటరిగా ఉంటున్న ఇంట్లో డెనిస్ రిచీ చనిపోయి కనిపించారు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు.

బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాల‌లో కూర్చుని సి భాషను తీర్చిదిద్దింది ఆయనే. కెన్ థాంప్సన్‌తో కలిసి, కంప్యూటర్‌ను నడిపించే యూనిక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్ కట్టారు. 1973లో దాన్ని సి లోకి తిరగరాయడంతో, ఒక యంత్రానికే కట్టుబడకుండా మరో యంత్రానికి మార్చుకునే వీలు కలిగింది. 1983లో ఇద్దరికీ కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోను అడుగున నడిచే లినక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు సి లో రాసిందే.

పాలకొల్లులో నేను నేర్చుకున్న రోజుల్లో కంప్యూటర్ ముందు గంటసేపే వంతు. కరెంటు పోతే అదీ లేదు. అందుకే కాలువ గట్టున కూర్చుని ప్రోగ్రాం మొత్తం కాగితం మీద రాసి, వరుస వరుసకూ వేలు జరుపుతూ నడిపి చూసుకునేవాడిని. నాకు అన్నం పెట్టింది ఆ భాషే.

పంటు వచ్చింది. కుర్రవాడికి ఆయన పేరు చెప్పాను. ఒకసారి పలికి చూసుకుని, నోట్సు అంచున రాసుకున్నాడు.