బీచ్‌కని వెళ్లి ఆటోనగర్‌లో కూర్చున్నాం

విశాఖ వెళ్లొచ్చామనగానే అందరూ అడిగేది ఒకటే: సబ్‌మెరైన్ చూశారా, కైలాసగిరి ఎక్కారా అని. ఐఎన్‌ఎస్ కురుసుర, దాని ఎదురుగా ఉన్న విమానం మ్యూజియం మా ఆవిడా పిల్లలూ చూశారు. ఆ సమయంలో నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మా కారు కడుపు చూస్తున్నాను. ఈ ప్రయాణం మొత్తంలో నాకు రాయాలనిపించింది ఆ షెడ్డు గురించే.

విజయవాడ నుంచి దారి అందరికీ తెలిసిందే. టోల్‌గేట్లకు కట్టిన డబ్బులతో రైల్లో ఏసీలో వెళ్లొచ్చని మా ఆవిడ ప్రతి గేటు దగ్గరా లెక్క చెప్పింది. తుని దాటాక, వేగం 80 దాటినప్పుడల్లా ముందు నుంచి ఒక రొద మొదలైంది. రోడ్డు గరుకుగా ఉందని ఆవిడ, చక్రం బేరింగ్ పోయిందని నేను. స్టీరింగ్ వదిలితే బండి కాస్త ఎడమకు లాగుతోంది కూడా. వాదించుకుంటూనే అనకాపల్లి, లంకెలపాలెం దాటేశాం.

సాయంత్రం రుషికొండలో మా బావమరిది కలిశాడు. మధురవాడలో ఉంటాడు. పార్కింగ్‌కి కట్టిందీ, పిల్లలు తిన్న మొక్కజొన్న పొత్తుకి కట్టిందీ కలిపితే మా ఊళ్లో ఒక పూట భోజనం. అది వేరే ఏడుపు. ఇరుకులో కారు పెట్టేటప్పుడు స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి వదిలేశాను. ముందు చక్రాలు అడ్డంగా తిరిగి, ఎప్పుడూ కనబడని లోపలి అంచు బయటికొచ్చింది. మావాడు గొంతుక్కూర్చుని పిలిచాడు.

"బావా, ఇలా రా. ఈ టైరుతోనా రేపు అరకు ఎక్కేది?"

ఎడమ టైరు. బయటి సగం చూస్తే ఇంకో ఏడాది ఢోకా లేదనిపిస్తుంది. గాడుల మధ్య అరుగుదల చూపించే చిన్న గట్లుంటాయి కదా, 1.6 మిల్లీమీటర్ల దగ్గర, వాటికి ఇంకా చాలా ఎత్తులో ఉంది రబ్బరు. లోపలి అంచు మాత్రం రెండు వేళ్ల వెడల్పున పలకలా నున్నగా అయిపోయి, ఒకచోట దారం పోగులు తేలాయి. కుడివైపుది అంత కాకపోయినా అదే దారిలో ఉంది.

నాకు ఒళ్లు మండింది. వేసవి ముందే మా ఊళ్లో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి) బుష్‌లు మార్పించి, చక్రాలు తిన్నగా నిలిచేలా సర్దే అలైన్‌మెంట్ చేయించాను. అన్ని గళ్లూ పచ్చగా ఉన్న ఆ కొలతల కాగితం ఇంకా డాష్‌బోర్డులోనే ఉంది. ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్ మాదేనని చెప్పుకునే ఊరి నుంచి వచ్చి, సముద్రం ఒడ్డున ఈ టైరు చూడ్డం నామోషీగా కూడా అనిపించింది.

పొద్దున్నే మొదట వెళ్లింది ఊళ్లో అద్దాల షోరూం లాంటి ఒక టైర్ల దుకాణానికి. కుర్రాడు టైరు వైపు చూశాడో లేదో, నాలుగూ మార్చేయాలన్నాడు. అలైన్‌మెంట్ ఉచితమట, గంటలో పంపించేస్తాడట. ఎందుకలా ఒకపక్కే అరిగిందంటే "రోడ్లు సార్" అన్నాడు. లోపలి అంచు బయటికొచ్చేలా రిమ్ము మీద తిప్పేసినా కొన్నాళ్లు లాగొచ్చని ఇంకో ఉపాయం చెప్పాడు. దారం తేలిన టైరుకి! పైగా దాని గోడ మీద అవుట్‌సైడ్ అని అచ్చు పోసి ఉంది. అలాంటిది తిప్పి వేయకూడదు. బావమరిది నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

అలా చేరాం గాజువాక ఆటోనగర్‌కి. ఎన్‌ఏడీ కూడలి దాటినప్పటి నుంచీ పోర్టు ట్రైలర్ల వెనకాలే పాకాం. ఉక్క సంగతి వేరే చెప్పక్కర్లేదు. బెజవాడ ఎండ కాలుస్తుంది, ఇక్కడిది ఉడకబెడుతుంది. చొక్కా విప్పి పిండుకోవచ్చు.

మేస్త్రీ గారికి అరవై దగ్గర ఉంటాయి. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా రాశాడు, బయటి నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి. నన్నూ రాయమన్నాడు. ఒకవైపు నున్నగా జారింది, రెండోవైపు రంపం పళ్లు తగిలాయి.

"టైరుది తప్పు కాదు సార్. ఎక్కడో వొదులైపోనాది. అది సూడకుండా కొత్త టైరేస్తే అదీ తినీస్తాది."

గాలి కొలిచాడు, సరిగ్గానే ఉంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. బేరింగూ, ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింటూ గట్టిగానే ఉన్నాయి (నా పందెం పోయింది). పక్కలు పట్టుకుని ఊపాడు, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ కూడా బాగానే ఉంది. అప్పుడు పొడవాటి లివర్ రాడ్ తెచ్చి, లోయర్ ఆర్మ్‌కీ దాన్ని పట్టి ఉంచే ఫ్రేముకీ మధ్య దూర్చి ఒక్క పోటు వేశాడు. ఆర్మ్ మొత్తం వెనక్కి నడిచింది. బుష్ రబ్బరు నోరు తెరుచుకున్నట్టు చీలింది.

నేను డాష్‌బోర్డులోంచి పచ్చ గళ్ల కాగితం తీసి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగానే చదివాడు.

"పేపరు పచ్చగానే ఉంటాది సార్. బండి నిలబెట్టి కొలిచినాది కదా. బ్రేకు కొట్టినప్పుడు సూడాలి ఏటవుద్దో."

బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం ఆర్మ్‌ను వెనక్కి లాగుతోంది, ముందుభాగం బయటికి విచ్చుకుంటోంది, లోపలి అంచు రోడ్డుకి రాసుకుంటోంది. ఆగిన బండికి ఇదేదీ లేదు, యంత్రానికి కనబడేది కొలిచింది. సరే, కొత్త బుష్ ఇంత త్వరగా ఎందుకు చీలింది? ఇక్కడే నాకు మా ఊరి మెకానిక్ మీద అసలు కోపం వచ్చింది.

"గాల్లో ఏలాడతన్నప్పుడే బోల్టు బిగించీసినారు సార్. కిందకి దించితే రబ్బరు మెలిపడిపోద్ది. మెలిపడే తిరుగుతాది. ఎన్నాళ్లుంటాది?"

బుష్ లోపల ఇనప గొట్టం, చుట్టూ దానికి అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే గొట్టం కదలదు, ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు మెలితిరిగేదంతా రబ్బరే. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. ఆ వాలులో బిగిస్తే, నేలకి దించిన నిమిషం నుంచీ రబ్బరు మెలిలోనే బతకాలి. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు వెయ్యాలన్నది అందుకే. ఇన్నేళ్లుగా మెకానిక్కుల దగ్గర కూర్చుంటున్నాను, ఈ ముక్క నాకు ఒక్కడూ చెప్పలేదు.

ఆర్మ్‌లు రెండూ కొత్తవే వేయమన్నాడు, బాల్ జాయింట్ కూడా వాటితోనే వస్తుంది కాబట్టి. బావమరిది మేస్త్రీ గారి స్కూటర్ మీద సామాన్ల కొట్టుకి పోయి ఎంతకీ రాడు. ఈలోగా గోడకి ఆనించిన పాత టైర్లు చూపించాడాయన. నడిమధ్య అరిగిందంటే గాలి ఎక్కువ కొట్టినట్టు, రెండంచులూ అరిగితే తక్కువ. ఒకదాని మీద చెయ్యి రాస్తే గుంటలు గుంటలుగా తగిలాయి. షాకబ్జర్ పోయి చక్రం ఎగురుతూ నడిచిందట. మధ్యాహ్నం పక్క మెస్‌లో కోనాం చేప వేపుడుతో భోజనం. ఆ ధరకి ఆ ముక్క మా ఊళ్లో రాదు. ఈ ఊరి మీద ఒక్క మంచి మాటైనా చెప్పాలి కదా.

సాయంత్రానికి ఆర్మ్‌లు ఎక్కాయి. బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, కారుని అలైన్‌మెంట్ లిఫ్టు మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలూ పలకల మీద ఆనాక కిందకి దూరి అప్పుడు బిగించాడు. మా కారుకి క్యాంబర్, అంటే చక్రం నిలువు వాలు, సర్దే వీల్లేదు. టై రాడ్ మర తిప్పి టో, అంటే చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం, అదొక్కటే సర్దాలి. కొత్త టైర్లు రెండే చాలన్నాడు. అవి ఏ వారం తయారయ్యాయో గోడ మీది నాలుగంకెలు చూపించాడు: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అవి వెనక్కి వేస్తుంటే బావమరిది అడ్డుపడ్డాడు, కొత్తవి ముందుండాలని. పెద్ద పంచాయితీ. వానలో వెనక చక్రాలు జారితే స్టీరింగ్ తిప్పి ఆపలేవని మేస్త్రీ గారు, నా బండికి ఇన్నేళ్లూ ముందే వేశానని మావాడు. కొత్తవి వెనక్కే వెళ్లాయి. బాగున్న వెనక టైర్లు ముందుకొచ్చాయి.

బిల్లులో టైర్లు, ఆర్మ్‌లు పోతే కూలి, అలైన్‌మెంట్ కలిపి వెయ్యిన్నర దాటలేదు. బేరం ఆడాలనిపించలేదు. మా ఆవిడ నమ్మలేదు గాని నిజం.

మర్నాడు పెందుర్తి, ఎస్.కోట మీదుగా అరకు ఎక్కాం. రొద లేదు, స్టీరింగ్ వదిలినా బండి గీత మీదే పోయింది. టైడా దగ్గర బొంగు చికెన్‌కి చెప్పిన రేటు విని అలైన్‌మెంటే నయమన్నాడు బావమరిది. గాలికొండ మీద కాఫీ తాగాం. బొర్రా గుహల దగ్గర జనం. ఇంతే అరకు.

చీలిన ఆర్మ్‌ని మాడుగుల హల్వా డబ్బాల పక్కనే డిక్కీలో వేసుకొచ్చాను. మా ఆవిడ అనకాపల్లి దాకా సణుగుతూనే ఉంది. మా ఊళ్లో మెకానిక్ ముందు బల్ల మీద దాన్ని పెట్టి, బోల్టు ఎప్పుడు బిగించావని అడిగాను. అటూ ఇటూ తిప్పి చూసి, "వైజాగ్ వెళ్లొచ్చారు కదా సార్, ఉప్పుగాలికి రబ్బరు ఆగదండీ" అన్నాడు.