మల్లెకు చేసినట్టే దీనికీ చేశాను

న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కి మారాక పెరట్లోకి వైబర్నమ్ అనే పూలపొద మొక్కలు రెండు కొన్నాను. ఒకటి కొరియన్ స్పైస్, ఇంకోటి ఆరోవుడ్. నర్సరీలో కొరియన్ స్పైస్ పక్కన నిలబడితే గుప్పున లవంగాల వాసన. అంతే, ధర కూడా చూడలేదు.

నాటడం పెద్ద పనేం కాదు. వేళ్ల ముద్దకి రెండింతల వెడల్పు గొయ్యి తవ్వాలి, లోతు మాత్రం ముద్ద ఎంతుంటే అంతే. ఆరోవుడ్ ఆ జూన్‌లోనే పూసింది గానీ ఒక్క కాయ కాయలేదు. అదే జాతిలో వేరే రకం మొక్క పక్కన ఉండాలట. అమ్మినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు.

అసలు తప్పు మరుసటి మార్చిలో చేశాను. గుంటూరులో మా అమ్మ ఏటా చలికాలం మల్లెపొదకి నీళ్లు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించేది. మల్లె కొత్త చిగుళ్లకే పూస్తుంది కదా. నేనూ మంచు కరగగానే కత్తెర పట్టుకుని కొరియన్ స్పైస్‌ని గుండ్రంగా చేసేశాను. మే నెలలో ఊరు ఊరంతా హైలాండ్ పార్కుకి లైలాక్ పండగ చూడ్డానికి వెళ్తుంటే, నా పొద నిండా ఆకులే. ఇది పూలమొగ్గలు ముందు ఏడాదే కట్టేసుకుంటుందని అప్పుడు తెలిసింది. కొమ్మల చివర ఉబ్బెత్తుగా ఉన్నవాటిని ఆకుమొగ్గలనుకుని చెత్తలో పోశాను. అవే పూలు.

ఆ నెలలోనే ఆరోవుడ్ ఆకులు జల్లెడలైపోయాయి. ఆకు తిప్పితే సన్నటి పురుగులు, ఈనెలు తప్ప ఏమీ మిగల్చలేదు. వైబర్నమ్ ఆకు పెంకుపురుగట. ఆరోవుడ్ అంటే దానికి మహా ఇష్టం, కొరియన్ స్పైస్‌ని పెద్దగా ముట్టుకోదు. చలికాలంలో లేతకొమ్మలు తిరగేసి చూశాను. అడుగువైపు కుట్టుమిషను వేసినట్టు వరసగా గోధుమరంగు చుక్కలు. గోటితో ఒకదాని మూత గీకితే లోపల పసుపుపచ్చటి గుడ్లు. ఒక్కో చుక్క కింద ఎనిమిది దాకా ఉంటాయట. ఏప్రిల్ చివర గుడ్లు పగిలి పురుగులు బయటికొచ్చేలోపు ఆ కొమ్మలన్నీ కోసి పారేయాలి. అంటే, చలికాలం కొమ్మ కోయకూడదని ఒళ్లు మండి నేర్చుకున్న నేనే, ఫిబ్రవరి చలిలో గ్లవ్స్ వేసుకుని పక్క పొద కొమ్మలు కోస్తూ కూర్చున్నాను! కొన్ని పూలు పోతాయి, పోనీ.

ఈ మేలో అమ్మ ఇక్కడే ఉంది. కొరియన్ స్పైస్ గులాబీరంగు మొగ్గలు విచ్చి తెల్లబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుని, "పులావు మూత తీసినట్టుందే" అంది. కాసేపు కొమ్మలు తడిమి చూసి, "దీన్నెప్పుడు కత్తిరిస్తావు?" అని అడిగింది.

"పూలు రాలగానే, ఇంకో రెండు వారాల్లో."

"ఎండాకాలంలోనా? చచ్చిపోదూ!"