నలభై అయిదు

ఈరోజు కూడా నేను లేచేసరికి గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. నెల రోజులుగా ఇదే వరస. అడగకుండానే పాలు తెస్తారు, బట్టలు మడతపెడతారు, పప్పులో ఉప్పు మరిచిపోయినా బాగుందంటారు. మా ఆయన ఇంట్లో బాకీ తీరుస్తున్న మనిషిలా తిరుగుతున్నారు.

నర్సంపేట నుంచి అత్తమ్మ మిరపకాయలు పంపింది. రంగుకు చపాట, కారానికి తేజ. తొడిమలు తీద్దామని చాప పరుచుకుంటే ఆయనా వచ్చి ఎదురుగా కూర్చున్నారు. వద్దన్నా వినలేదు.

మూడుసార్లు నెల తప్పాను, మూడూ పదో వారం దాటలేదు. చివరికి డాక్టరమ్మ ఇద్దరికీ క్రోమోజోముల పరీక్ష రాసింది. రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టింది. నాకు అందరిలాగే 46. ఆయనకు ఒకటి తక్కువ, 45. 13, 14 నంబర్ల దగ్గర నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి, వాటిలో ఒకటి మరీ పొడుగ్గా ఉంది. ఒక 13, ఒక 14 ఒకదానికొకటి అతుక్కున్నాయి. అవసరమైన సరుకేదీ పోలేదు కాబట్టి మనిషికి ఏ లోటూ ఉండదట. ఇలాంటి అతుకులు దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఉంటాయట. తంటా అంతా బిడ్డకు పంచేటప్పుడే. ఒక ముక్క ఎక్కువో తక్కువో వెళ్తే చాలావరకు గర్భం నిలవదు. అలాగని ఇలాంటి మగవాళ్లలో ఎక్కువ వీర్యకణాలు సవ్యంగానే ఉంటాయి, మూడుసార్లూ ఇదే కారణమని ఖాయంగా అనలేం అని కూడా ఆమె చెప్పింది. ఆ చివరి మాట ఆయన చెవికెక్కలేదు.

ఆ కాగితం చూడగానే నాకు ముందు కలిగింది బాధ కాదు. హమ్మయ్య, నాలో కాదు అనిపించింది. రెప్పపాటు సేపే. కానీ నా మొహంలో ఆయన అది చూశారేమోనని ఇప్పటికీ అనుమానం. మనిషికి 46 క్రోమోజోములని 1956 దాకా శాస్త్రవేత్తలకే సరిగా తెలియదట, 48 అనుకునేవారట. ఆ మాట చెప్పి, వాళ్లే రెండు తప్పు లెక్కపెట్టారు, మీది ఒక్కటే కదా అన్నాను. నవ్వలేదు.

సగం సంచి అయ్యాక అత్తమ్మ ఫోను. నా చేతులు కారం, అందుకే స్పీకరులో పెట్టాను. మరిదికి సంబంధం కుదిరేలా ఉందట. హోలీకి కొమ్మాల జాతరకు వచ్చి నరసింహస్వామికి మొక్కుకోమంది. "బెంగపడకు బిడ్డా, నాకూ వీళ్లిద్దరి మధ్య ఒకటి నిలవలేదు" అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈ అతుకు అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండవచ్చని, తోబుట్టువులకూ పరీక్ష చేయిస్తే మంచిదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఇన్నేళ్లుగా నా కడుపు కోసం మొక్కిన మనిషికి ఏమని చెప్పను? అత్తమ్మ మీద నాకున్న పాత కోపాలు తక్కువేమీ కాదు, అయినా నోరు రాలేదు. సరే అత్తమ్మా, వస్తాం అన్నాను.

"తమ్ముడికి చెప్పాలి కదా" అన్నారాయన, ఫోను పెట్టేశాక.

"చెప్పాలి. పెళ్లికి ముందే."

"అమ్మకు?"

నేను మిరపకాయలు చూస్తూ ఉండిపోయాను. ఆయన కన్ను నలుపుకున్నారు, అదే చేత్తో. మరుక్షణం కేకలు, పరుగు, పంపు దగ్గర నీళ్లు.

"కారం చేత్తో కన్ను ముట్టుకుంటారా ఎవరైనా? చిన్నపిల్లాడా మీరు?" అని అరిచాను.

"నీ మిరపకాయలు నువ్వే తీసుకో పో! ముప్పై కిలోలు ఎవరు తింటారు ఈ ఇంట్లో?" అని అంతకంటే గట్టిగా అరిచారు.

నెల తర్వాత ఈ ఇంట్లో వినబడిన మొదటి కేక అది. కన్ను ఎర్రబడి పడుకున్నారు. మిగతా తొడిమలు నేనే తీశాను. తమ్ముడిని ఆదివారం రమ్మన్నారట. రాత్రి అన్నం తిని, చేయి కడుక్కుని, టీవీ ముందు కూర్చున్నారు. గిన్నెలు సింకులోనే ఉన్నాయి.