పోపుల డబ్బా వెనక దాచిన మాత్రలు

నాలుగు నెలల పాటు నా షుగర్ మాత్రలు పోపుల డబ్బా వెనక దాచుకుని వేసుకున్నాను. మా ఆయనకు తెలియదు, అత్తయ్యగారికి తెలియదు, ఏడో తరగతి చదివే మా అమ్మాయికీ తెలియదు. అంతలా దాచడానికి కారణం ఒక్క మాట.

2023 జూలైలో ఒకటే దాహం, రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవడం. రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున 212, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 శాతం. డాక్టరుగారు కాగితం మీంచి తలెత్తకుండానే, "స్వీట్లు బాగా తినుంటారు. చేతులారా తెచ్చుకున్నారు" అన్నారు. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లందరికీ వినపడింది. మా నాన్నకు షుగర్, మేనత్తకు షుగర్. ఆ సంగతి ఆయన అడగలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాన్నకు కాలి బొటనవేలు తీసేసినప్పుడు రోజూ కట్టు మార్చింది నేనే. పడుకుని కళ్లు మూసుకుంటే ఆ కట్టే కనపడేది. భయంతో అన్నం సగానికి తగ్గించేశాను. అది వైద్యం అనుకున్నాను.

నవంబరులో కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం ఎప్పటిలాగే ఉపవాసం. "పొద్దున ఒకటి" అన్నారు కదా అని మాత్ర మాత్రం మానలేదు. అది గ్లిమిపిరైడ్ అని, వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుందని ఆ డాక్టరుగారు చెప్పలేదు. చెప్పడానికి అర నిమిషం పట్టేది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మధ్యాహ్నం చేతులు వణికితే ఉపవాసం నీరసం అనుకున్నాను. సాయంత్రం గోదావరి మీద కోటిలింగాల రేవులో దీపం వదిలి ఇంటికొచ్చి, వండుకునే ఓపిక లేక గ్లాసు మజ్జిగ తాగి పడుకున్నాను. మా ఆయనకు నైట్ షిఫ్టు. అత్తయ్యగారు ఊళ్లో లేరు.

ఏ పదకొండింటికో మెలకువ వచ్చింది. దిండు తడిసిపోయింది. గుండె దడదడలాడుతోంది. ఫ్యాను రెక్కలు రెండుగా కనపడుతున్నాయి. అమ్మాయిని పిలుద్దామంటే నాలుక తిరగదు. పేరు కూడా గుర్తు రాలేదు, కన్నకూతురి పేరు! చెయ్యి తగిలి చెంబు కిందపడింది. ఆ చప్పుడుకి అది లేచింది. ఆ చెంబును ఆ శివుడే తోశాడని నా నమ్మకం.

అది చెప్పుల్లేకుండా పక్కింటికి పరుగెత్తింది. పక్కింటి పిన్నిగారికి ఇరవై ఏళ్లుగా షుగర్. నా ఒళ్లు ముట్టుకోగానే ఆవిడకు అర్థమైంది. మిషనుతో వేలికి గుచ్చి చూస్తే షుగర్ 46కి పడిపోయింది. "మింగగలవా అమ్మాయ్?" అని అడిగి, నేను తలూపాక గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి గుక్కగుక్కగా తాగించారు. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 78. అప్పుడు పెరుగన్నం కలిపి తినిపించారు. ఆసుపత్రి, సెలైన్లు అవన్నీ మర్నాటి సంగతి.

అమ్మాయి గోడకు ఆనుకుని, "మామ్మగారూ, అమ్మకి ఏమైంది?" అని అడుగుతూనే ఉంది. చెప్పాల్సింది నేను. అప్పుడు చెప్పాను.

మా ఆయన జబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "నాకు చెప్పాలనిపించలేదా?" అని మాత్రం అడిగారు. దానికి నా దగ్గర ఈరోజుకీ జవాబు లేదు. అత్తయ్యగారు ఊరి నుంచి రాగానే, "మా ఇంటా వంటా లేదు ఈ జబ్బు" అన్నారు. మనసు చివుక్కుమంది. ఆ మాటన్న ఆవిడే, మర్నాటి నుంచి నా కంచంలో ముందు కూర వేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటున్నారు.

ఇప్పుడు చూపించుకునే డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఉపవాసాలు ఉంటారా అమ్మా?" అని. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ మాత్ర మార్చారు.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క తేల్చింది. మరి మా వీధిలో ఒక్కరూ నోరు విప్పరేం? పిన్నిగారితో పొద్దున్నే గోదావరి గట్టు మీద నడవడం మొదలుపెట్టాకే తెలిసింది, నాలుగు గుమ్మాలు దాటితే ఒక షుగర్ మనిషి ఉన్నారని. ఇప్పుడు ఆరుగురం నడుస్తాం. ఎవరి రిపోర్టు వచ్చినా అక్కడే చదువుకుంటాం. నా మూడు నెలల సగటు మొన్న 6.8 వచ్చింది.

మాత్రలు మీ ఒంటికి పడినా, పడకపోయినా, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. చెమట పట్టి వణుకొస్తే ముందు పంచదార. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉపవాసం అంటే డాక్టరును అడిగాకే. నేను ఇప్పుడు సోమవారం కూడా తిని, మాత్ర వేసుకుని, ఆ తర్వాతే దీపం పెడుతున్నాను.

మా అమ్మాయి ఇప్పటికీ రాత్రి ఏదో ఒక జామున లేచి నా మెడ తడిమి చూస్తుంది. నేను నిద్ర నటిస్తాను. చెమట లేదని తెలిశాక వెళ్లి పడుకుంటుంది.