అడ్డంకి లేని నొప్పి

కిందటేడు ఫాల్గుణంలో మొదలైన ఛాతీ నొప్పి గురించి ఇప్పటికి రాయగలుగుతున్నాను. భయం చాలావరకు తగ్గింది, కోపం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

నాకు 49 ఏళ్లు, శ్రీకాకుళంలో ఉపాధ్యాయురాలిని. బడి మేడమెట్లు ఎక్కుతుంటే రొమ్ము మధ్య బిగపట్టినట్టయ్యేది. ఈసీజీ, ఎకో అయ్యాక విశాఖపట్నంలో యాంజియోగ్రామ్ చేశారు. పెద్ద ధమనుల్లో ఎక్కడా అడ్డంకి లేదని తేలింది. నేను బల్ల మీద పడుకుని ఉండగానే ఆ వైద్యుడు మా వారివైపు తిరిగి, "మీ ఆవిడకు ఏ జబ్బూ లేదండీ, ఒళ్లు తగ్గించుకుని దిగులు మానుకోమనండి" అని వెళ్లిపోయారు. నన్ను ఒక్క మాటైనా అడగలేదు.

ఆ మాట నన్ను ఎంతగా పట్టుకుందంటే, వైశాఖంలో ఒక రాత్రి నొప్పి దవడ దాకా పాకినప్పుడు, మా వారు ఊళ్లో లేకపోయినా, 108కి ఫోన్ చేయడానికి సిగ్గుపడ్డాను. జబ్బు లేనిదాన్ని ఏమని చెప్పుకోను? "ఏటమ్మా, ఇలా సెమటలు పట్టేస్తన్నాయి?" అంటూ అత్తయ్య కొంగుతో నా మొహం తుడిచి, పక్కింటివాళ్లను లేపి ఆటో పిలిపించారు. ఆసుపత్రికి చేరేలోపు పిల్లలకు ఏయే మాటలు చెప్పి వెళ్లాలో మనసులో కూర్చుకున్నాను.

అక్కడ నాలుక కింద ఒక మాత్ర పెట్టారు. కొద్దిసేపటికి తల పగిలిపోతుందేమో అన్నంత పోటు వచ్చింది, దాని వెనుకే ఛాతీ బిగువు సడలింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, "మాత్ర రక్తనాళాలను వెడల్పు చేస్తోందమ్మా, అందుకే ఆ తలనొప్పి. గుండెలోని చిన్న నాళాలు తమంతట తాము ఆ పని చేస్తున్నాయో లేదో చూడాలి" అన్నారు. తరువాత మరొక వైద్యుడు చేసిన పరీక్షల్లో ఆమె అనుమానమే నిజమైంది.

గుండె కండరం తీరికగా ఉన్నప్పుడే తనకు అందిన రక్తంలోని ఆక్సిజన్‌లో అధికభాగం తీసేసుకుంటుంది కనుక, మెట్లెక్కేటప్పుడు దానికి మరింత రక్తం రావడమొక్కటే దారి. ఆరోగ్యవంతుల్లో ఆ ప్రవాహం మూడు నాలుగు రెట్లు పెరగగలదు. నాళం లోపల ఒక్క కణం మందాన ఉండే ఎండోథీలియం పొర, పారే రక్తపు ఒరిపిడిని గ్రహించి నైట్రిక్ ఆక్సైడ్‌ను వదిలితే, దాని చుట్టూ ఉన్న కండరం సడలి నాళం విప్పారుతుంది. ఈ వాయువు చేసే పనిని వెలికితీసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. నాలుక కింద పెట్టిన మాత్ర ఒంట్లో అందించేదీ ఆ వాయువునే. పొట్టలోపల కొవ్వు పేరుకున్నప్పుడు అది వాపు కలిగించే రసాయనాలను వదులుతుంది, నాళాలు విప్పారడానికి ఇన్సులిన్ చేసే సాయం తగ్గుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ తక్కువగా తయారై, తయారైనదీ త్వరగా నశిస్తుంది. నాగావళి నిండుగా పారుతున్నా పిల్లకాలువ మదుము తెరుచుకోకపోతే మడి ఎండిపోతుంది కదా! యాంజియోగ్రామ్‌లో నది కనబడుతుంది, పిల్లకాలువలు కనబడవు.

ఒళ్లు తగ్గించమన్న ఆ మొదటి వైద్యుని సలహా సరైనదేనని ఒప్పుకుంటాను. జబ్బు లేదనడాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. యాంజియోగ్రామ్ బాగుందన్న తరువాత కూడా నొప్పి వస్తున్న అక్కచెల్లెళ్లు చిన్న నాళాల సంగతి తప్పక అడగండి, ఆసుపత్రికి వెళ్లడానికి సిగ్గుపడకండి.

భారతీయ స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది 98 ఉండేది, ఇప్పుడు 89. మందులు వాడుతున్నాను, రాత్రి అన్నం మానేశాను, పొద్దున్నే చోడి అంబలి తాగి నాగావళి గట్టున నడుస్తున్నాను. ఆదివారాలు అరసవల్లి వెళ్లి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకుంటున్నాను, ఆయన దయ లేకుండా ఆ రాత్రి గడిచేది కాదని నా నమ్మకం. కిందటి నెలలో జవాబు పత్రాల కట్టతో మేడమెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. ఆ సంగతి చెబుదామని వెళితే డాక్టరమ్మ బదిలీ అయి వెళ్లిపోయారన్నారు. అత్తయ్య మాత్రం ఇప్పటికీ ఆ మాత్రల అట్టను తన బొడ్డుసంచిలోనే పెట్టుకుని తిరుగుతున్నారు.